లింగరాజు ఆట, మాస్టారి మాట

ముందుగా తప్పులు మన్నించండి. అరవై దాటాక పలక పట్టినదాన్ని. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను, నాలుగు వరుసలు రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. ఇది మా వదిన బాలామణి కథ. నేను ఆ ఇంట్లోనే వెనక గదిలో ఉండేదాన్ని కాబట్టి చాలామట్టుకు కళ్లారా చూసిందే. మిగతాది ఆమె చెప్పగా విన్నది.

ఎనభై ఎనిమిదో సంవత్సరం జూలై ఆఖరున, జోరు వానలో, రాజమోహన్ మాస్టారు గొడుగు ముడవకుండానే గుమ్మంలోకి వచ్చేశారు. బాలామణి అట్ల పిండి రుబ్బుతోంది. రంగూన్‌లోని మింగళ తౌంగ్‌న్యున్‌లో రైలుకట్ట పక్క సందులో పొద్దున్నే అట్లు, వడలు వేసి అమ్మడం ఆమె పని. మొగుడు, మా అన్న అప్పయ్య, రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. మాస్టారు రెండిళ్ల అవతల ఉండేవారు. పూర్వం అమెరికా మిషను డాక్టరు గారి ఆసుపత్రిలో గుమాస్తా. ఆ సందులో ఇంగ్లీషు చదవగలిగినవాడు ఆయనొక్కడే.

"అమ్మా బాలామణీ, రోలు ఆపు. లింగరాజు ఉత్తరం రాశాడు" అన్నారు.

ఆమె చెయ్యి పొత్రం మీదే ఉండిపోయింది. "ఏ లింగరాజు?" అంది.

అలా అడిగినందుకు ఆమె తరవాత చాన్నాళ్లు సిగ్గుపడింది. ఏ లింగరాజేమిటి, సొంత తమ్ముడే. ఇరవై రెండేళ్లుగా బతికున్నాడో లేదో తెలియని తమ్ముడు.

వాళ్ల అయ్య అరవై నాలుగులో, సర్కారు మనవాళ్లని వెళ్లగొడుతుంటే, అందరితోపాటు ఓడెక్కి విశాఖపట్నం వెళ్లాడు, మళ్లీ కబురు లేదు. మరుసటి ఏడు తల్లి పోయింది. ఇరవయ్యేళ్ల బాలామణి డాక్టరు దొరగారింట్లో బట్టలుతుకుతూ తమ్ముణ్ని సాకింది. వాడికి పుట్టుకతోనే గ్రహణం మొర్రి, పై పెదవి చీలి ఉండేది. అరవై ఆరులో సర్కారు వాళ్లు మిషను దొరలందర్నీ దేశం విడిచి పొమ్మన్నారు. పోయేముందు దొరసాని గుంటణ్ని తనతో తీసుకెళ్లి పెదవి కుట్టించి ఏడాదిలో పంపిస్తానందని మాస్టారు తెలుగులో చెప్పారు. బాలామణి కాగితం మీద వేలిముద్ర వేసింది. ఎనిమిదేళ్ల లింగరాజు ఓడెక్కాడు. ఆ ఏడాది ఇరవై రెండేళ్లయింది.

"దొరసాని పోయారట. ఆవిడ పెట్టెలో మన చిరునామా దొరికిందట. ఆగస్టు ఆరున వస్తున్నాడు, ఏడు రోజుల వీసా మీద" అని మాస్టారు చదివారు. "అమెరికాలో ఫుట్‌బాల్ ఆడతాడట. జీతమిచ్చి ఆడించే పెద్ద జట్టులో."

ఫుట్‌బాల్ అన్న మాట సందంతా పాకడానికి అరగంట పట్టలేదు. రంగూన్‌లో (ఇప్పుడు యాంగోన్ అంటున్నారు లెండి) ఫుట్‌బాల్ అంటే అన్నం మానేసి చూసే జనం. మా వాడ కుర్రాళ్లకు ఒక జట్టుండేది, దానికి కెప్టెన్ బుల్లియ్య. వాడు పరుగున వచ్చి (అక్కని మేం అప్ప అంటాం లెండి), "అప్పా, నీ తమ్ముణ్ని ఆదివారం మా జట్టులో ఆడమను. అవతల వాడ తామ్వే వోళ్ల పొగరు దించేద్దుము" అన్నాడు.

"ఆడతాడు. ఆడక ఏటి?" అంది బాలామణి, తానే వెళ్లి గోలు కొట్టబోతున్నట్టు.

శనివారం వచ్చినవాణ్ని చూసి అందరం నోళ్లు తెరిచాం. మా గుమ్మంలో తల వంచినా చాలక భుజాలు పక్కకి తిప్పుకుని లోపలికొచ్చాడు. మెడ అని వేరే లేదు, చెవుల కింద నుంచే భుజాలు మొదలు. పెదవి మీద సన్నటి తెల్ల గీత. బాలామణి ఆ గీతనే చూస్తూ నిలబడింది. "అప్ప" అన్నాడు వాడు. తెలుగులో వాడికి మిగిలినవి ఓ ఇరవై మాటలు, అంతే. తరవాత ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు.

మాస్టారు గొంతు సవరించుకుని, "నిన్ను చూసి చాలా సంతోషంగా ఉందంటున్నాడమ్మా" అన్నారు.

"అంతసేపు మాటాడితే ఇంతేనా మాస్టారూ?" అన్నాడు బుల్లియ్య.

"ఇంగ్లీషులో మాటలు ఎక్కువ పడతాయిరా."

మాస్టారి తీరే అంత. ఎవరి ఉత్తరం చదివినా చేదు తీసేసి చదువుతారు. ఆసుపత్రిలో గుమాస్తాగా ఉన్నప్పుడే అలవాటట, రోగం పేరు పైకి చెప్పేవారు కాదు. అందుకే ఆయనంటే వాడంతా ఇష్టపడేది.

ఆదివారం వాన కాస్త తెరిపిచ్చింది. మైదానం నిండా బురద, చుట్టూ జనం. వాడ పెద్ద ఊ బ మౌంగ్ గారికి, ముసలి దో ఖిన్ గారికి ముందు వరసలో కుర్చీలు వేశారు. బుల్లియ్య బంతిని కాలితో లింగరాజు వైపు దొర్లించాడు. లింగరాజు వంగి దాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

జనం నవ్వలేదు, నిర్ఘాంతపోయారు. "గోలీయేమో" అన్నారెవరో. కాలితో తన్నమని బుల్లియ్య చేసి చూపించాడు. లింగరాజు తన్నాడు, బంతి కాలవలో పడింది. అప్పుడు నవ్వారు.

మాస్టారు వాడితో మాట్లాడి ఇటు తిరిగారు. "వాళ్ల ఆట వేరట. బంతి బొప్పాయి కాయలాగ ఉంటుందట. ఇతను తన్నడట, విసురుతాడట."

"ఏదీ, విసిరి సూపించమనండి" అన్నాడు బుల్లియ్య.

బంతి తెప్పించారు. లింగరాజు దాన్ని నేల మీద పెట్టి, కాళ్లు ఎడంగా జాపి, నడుం విరిగినట్టు వంగి, తలకిందులుగా రెండు కాళ్ల మధ్య నుంచి వెనక్కి చూశాడు. వాడి వెనక భాగం సరిగ్గా కుర్చీల వైపు తిరిగి ఉంది. పెద్దల ముందు నుంచి నడవాల్సి వస్తేనే నడుం వంచి పక్కకి జరిగే ఊరు ఇది. దో ఖిన్ గారు ముఖం తిప్పేసుకున్నారు. బంతి కాళ్ల మధ్య నుంచి తూటాలా వెళ్లి, పదిహేను గజాల వెనక నిలబడ్డ బుల్లియ్య గుండెకి తగిలింది. వాడు బురదలో వెల్లకిలా పడ్డాడు.

"ఓలమ్మా! అమెరికాలో పిర్ర సూపిస్తే జీతమిస్తారేటి?" అన్నాడు పడ్డవాడు పడ్డట్టే.

ఇంక మైదానమంతా ఒకటే నవ్వు. బాలామణి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చేసింది. ఇరవై రెండేళ్లకి వచ్చిన తమ్ముణ్ని చూసి సిగ్గుపడాల్సి వచ్చిందే అని ఆమెకు ఏడుపు. సాయంత్రం వాడు పెద్దలిద్దరి దగ్గరకూ వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని దండం పెట్టాడు. తప్పేమిటో వాడికి పూర్తిగా తెలియలేదు, అయినా పెట్టాడు.

సోమవారం ఎనిమిదో తారీఖు. ఆ రోజు ఈ ఊళ్లో ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేదు. సర్కారు దిగిపోవాలని పొద్దున్నుంచి జనం వీధుల్లోకి వచ్చారు. చదువుకునే పిల్లలు, రేవు కూలీలు, భిక్షువులు, గుమాస్తాలు. మా సందులోంచి కూడా నీళ్ల కుండలు, అన్నం పొట్లాలు మోసుకెళ్లి వాళ్లకిచ్చాం. లింగరాజు రేవు దగ్గర హోటల్లో దిగాడు, పగలు మా ఇంటికి వచ్చి పొద్దు గూకేసరికి వెళ్లాలి. విదేశీవాడు ఇళ్లలో పడుకోకూడదు. మనవాడైనా సరే, రాత్రి ఉండే చుట్టం పేరు వాడ ఆఫీసులో రాయించాలి. ఆ రోజు జనం మధ్య దారి దొరక్క వాడు మా ఇంట్లోనే ఉండిపోయాడు. పేరు రాయించడానికి వెళ్లే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ రాత్రే సిపాయిల కాల్పులు మొదలయ్యాయి.

మంగళవారం తెల్లారాక ఎవరూ గుమ్మం దాటలేదు. వాన. మధ్యమధ్య స్టేషను వైపు నుంచి తుపాకీ చప్పుళ్లు. మాస్టారు ముందు రోజు మా ఇంటికొచ్చి ఆయనా చిక్కుకుపోయారు. ముందు గదిలో వాళ్లు నలుగురూ, వెనక గది గుమ్మంలో నేను. పేలుడు వినిపించినప్పుడల్లా మేం ఉలిక్కిపడుతున్నాం. లింగరాజు మెడ మాత్రం కదలదు.

"భయమేయదేటి వీడికి?" అంది బాలామణి.

మాస్టారు అడిగి చెప్పారు. "బంతి విసిరే ముందు ఎదటి జట్టు వాళ్లు కదిలిద్దామని అరుస్తారట. కదిలితే తప్పట. కదలకుండా ఉండటం అలవాటైపోయిందట."

"ఆ పనేటో సరిగ్గా సెప్పమనండి. ఆవేళ నవ్వులపాలైపోయింది గాని నాకేటీ తెలియనేదు."

చెవుల్లో ఆ చప్పుళ్లు కాకుండా ఇంకేదైనా పడితే చాలని ఆమె అడిగింది. లింగరాజు నేల మీద కూర్చుని, అగ్గిపుల్లలు పేర్చి చెప్పాడు. మాస్టారు మాటకి మాట అందిస్తూ వచ్చారు.

ఒక జట్టులో నలభై అయిదుగురు. ముందుకు తోసేవాళ్లు కొందరు, అడ్డుకునేవాళ్లు కొందరు. వీళ్లిద్దరూ కాక, బంతిని తన్నాల్సిన ఆ కొన్ని క్షణాలకు మాత్రం దిగేవాళ్లు ఇంకొందరు. లింగరాజు వీళ్లలో ఒకడు. ఆట మూడు గంటలు, వాడు దిగేది తొమ్మిదిసార్లు. వంగుతాడు, వెనక్కి విసురుతాడు, ముక్కాలు సెకనులో బంతి తన్నేవాడి చేతిలో ఉండాలి. తల ఎత్తేలోపు ఎదటివాడు వచ్చి మెడ మీద పడతాడు. మిగతా సేపు గీత బయట నిలబడతాడు.

"మరి జనం నిన్ను పోల్చుకుంతారేటి?"

"తన పేరెవరికీ తెలియకపోతే తను బాగా చేసినట్టట" అన్నారు మాస్టారు. ఎనిమిదేళ్లలో వాడి పేరు ఒక్కసారే టీవీలో వినిపించిందట. మంచు కురిసే రోజు బంతి తన్నేవాడి తల మీద నుంచి ఎగిరిపోయింది. ఆ ఆట అయిన రెండు రోజులకు, తెల్లవారకముందే ఒకడొచ్చి గది తలుపు కొట్టాడు. ఆట పుస్తకం పట్టుకుని రా, కోచ్ పిలుస్తున్నాడు అన్నాడు. జట్టు ఎత్తుగడలుండే ఆ పుస్తకం తిరిగిచ్చేయడమంటే పని పోయినట్టే.

"ఒక్క తప్పుకా?" అన్నాడు అప్పయ్య. ఆయన ఇరవయ్యేళ్లుగా ఒకే కేబిన్‌లో అవే మీటలు లాగుతున్న మనిషి.

లింగరాజు వేళ్లు చాపి లెక్కపెట్టాడు. వంకర తిరిగిన వేళ్లు. ఎనిమిదేళ్లలో అయిదు జట్లు. ఒక జట్టు వదిలేస్తే వాడి పేరు చీటీ మీద మిగతా జట్లన్నిటికీ పంపిస్తారు. ఒక రోజులోపు ఎవరైనా కావాలంటే తీసుకుంటారు, లేకపోతే లేదు. వాణ్ని ఎవరూ అడగరు. ఏటా జూలైలో కసరత్తుకు పిలుపు వచ్చేది. ఈ జూలైలో రాలేదు. అందుకే ఆగస్టులో ఇక్కడికి రాగలిగాడు.

బాలామణికి తుపాకుల సంగతి కూడా మరుపుకొచ్చింది. "ఇదేటి మాస్టారూ? గొడ్డా, గోదా? మనుసుల్ని అలాగ ఇచ్చేసుకుంతారేటి?" అంది.

మాస్టారు ఇంగ్లీషులో చెప్పారు. లింగరాజు ఆమె ముఖంలోకి చూశాడు. నెమ్మదిగా, నాలుగే మాటలు అన్నాడు.

మాస్టారు అగ్గిపుల్లలు ఏరి పెట్టెలో వేయసాగారు.

"ఏటన్నాడు?"

"ఏం లేదమ్మా. అలవాటైపోయిందంటున్నాడు."

లింగరాజు తల అడ్డంగా ఊపాడు. ఆ ఇరవై మాటల్లోంచి వెతుక్కుని, "కాదు" అన్నాడు. సంచీలోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన పాత కాగితం తీసి బాలామణి ముందు పరిచాడు. మడతలు పసుపు పచ్చబడ్డాయి. కింద ఊదారంగు వేలిముద్ర. దాని మీద వాడి వంకర వేలు పెట్టి, ఆమె బొటనవేలు పట్టుకున్నాడు.

"అప్ప. నువ్వు. ఇచ్చావు."

"అవును, ఏలు నాదే. నీ పెదవి కుట్టించడానికి ఏసినాను" అంది బాలామణి. "సెప్పండి మాస్టారూ, వీడికి."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఎంతసేపు తుడిచారో. బయట ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు, వెనకనే లారీ.

"సెప్పండి" అన్నాడు అప్పయ్య, గోడకి జారబడినవాడు లేచి నిలబడి.

"అది ఆపరేషను కాగితం కాదమ్మా" అన్నారు మాస్టారు. "పెంపకానికి ఇచ్చినట్టు కాగితం. పిల్లవాడి మీద నీకు ఏ హక్కూ లేదని."

బాలామణి తన బొటనవేలు వెనక్కి లాక్కుంది.

"నీకంతా చెప్పమనే దొరసాని నాతో అన్నారు. అప్పటికి నువ్వు రెండు రోజులుగా గంజి తాగి బతుకుతున్నావు. వాడు చిక్కి పుల్లలా ఉన్నాడు. ఉన్నదున్నట్టు చెబితే ముద్ర వేసేదానివా?"

"ఎయ్యను."

"అందుకే చెప్పలేదు. నీకు తెలిసే ఇచ్చావని ఆవిడతో అన్నాను. వాడైనా బతుకుతాడనుకున్నానమ్మా."

బాలామణి కేక వేయలేదు. నేను చూస్తూనే ఉన్నాను. ఇరవై రెండేళ్లు ప్రతి పండక్కీ ఈ మనిషి దగ్గరకే వెళ్లి, గుంటడి కబురు ఏమైనా వచ్చిందా మాస్టారూ అని అడిగింది. వస్తాడమ్మా, ఆపరేషను ఆలస్యమై ఉంటుందని ఈయనే సర్దిచెప్పి పంపేవాడు. అదంతా ఒక్కసారిగా ఆమె ముఖంలోకి వచ్చినట్టుంది.

"ఇప్పుడు నాకు సెప్పిందంతా వీడికి సెప్పండి" అంది. "తియ్యగా సెయ్యకండి. ఒక్క మాట తగ్గించినా మీ ముకం నాను సూడను."

మాస్టారు చెప్పారు. చాలాసేపు చెప్పారు, మధ్యలో రెండుసార్లు ఆగారు. ఆమెకు ఒక్క ముక్కా తెలియదు. అందుకని తమ్ముడి మెడనే చూస్తూ కూర్చుంది. బయట పేలినప్పుడు కదలని ఆ మెడ, మాస్టారు వేలిముద్రని చూపించి ఏదో అన్నప్పుడు కదిలింది. వాడు దిగ్గున లేచాడు. తల వెళ్లి దూలానికి కొట్టుకుంది. మాస్టారిని కొడతాడేమోనని అప్పయ్య అడ్డం వెళ్లాడు. వాడు కొట్టలేదు. గోడ వైపు తిరిగి నిలబడి ఏదో అడిగాడు, అటు తిరిగే.

"ఉన్నదున్నట్టు" అంది బాలామణి.

మాస్టారు నేల వైపు చూస్తూ చెప్పారు. "రోజూ పడుకోబోయే ముందు దొరసాని వాడి చేత దేవుడికి దండం పెట్టించేవారట. మా అక్క నన్ను ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత అని చెప్పించేవారట. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా చెప్పాడట. ఆ మాట చెప్పినప్పుడల్లా నిన్ను ద్వేషించానంటున్నాడు. ఏ జట్టు వదిలేసినా, సొంతవాళ్లే వదిలేశారు వీళ్లదేముంది అనుకునేవాడట. నువ్వు... నువ్వు నిజంగా ఎదురుచూశావా అని అడుగుతున్నాడు."

"ఏడాదిలో వొస్తాడని కొత్త సొక్కా కుట్టించినాను. మరుసటేడు అది సిన్నదైపోతాదని ఇంకోటి కుట్టించినాను. ఆరు కుట్టించినాక ఎంత ఎదిగుంతాడో తెలియక ఆపేసినాను" అంది బాలామణి. "సెప్పండి."

మాస్టారు చెప్పారు. లింగరాజు వచ్చి ఆమె ముందు కూలబడ్డాడు. కూర్చున్నా ఆమె కంటే ఎత్తే. ఆమె చెయ్యి చాపి పెదవి మీద గీతని ముట్టుకుంది, కుట్టు సరిగ్గా పడిందో లేదో చూసినట్టు ఆ చివర నుంచి ఈ చివరకి. వాడు కదలకుండా ముట్టుకోనిచ్చాడు.

బుధవారం పొద్దున్న హోటలు మనిషి ఒకడు సందుల్లోంచి వచ్చాడు. విదేశీవాళ్లందర్నీ పోగుచేసి విమానం ఎక్కిస్తున్నారు, వెంటనే రావాలి, ఇంకోటి ఎప్పుడో తెలియదన్నాడు. అవతల సందులో సిపాయిలు ఇల్లిల్లూ వెతుకుతున్నారని కూడా చెప్పాడు.

లింగరాజు వెళ్లనన్నాడు. వీసా ఇంకా రెండు రోజులుందన్నాడు. "ఇక్కడ. అప్ప. ఇక్కడ" అని నేల చూపించాడు, చిన్న పిల్లాడిలాగ. అప్పయ్య ఏమీ అనలేదు. దొరికితే ముందు తీసుకుపోయేది ఆయన్నే. అయినా అనలేదు.

బాలామణి లోపలికెళ్లి నాలుగు అట్లు ఆకులో చుట్టి తెచ్చి వాడి సంచీలో పెట్టింది.

"మాస్టారూ, ఇది సెప్పండి. ఆవేళ వీణ్ని నాను అంపనేదు. ఈయేళ అంపుతున్నాను. నా తమ్ముడు బతకాలని అంపుతున్నాను. మళ్లీ రమ్మనండి."

మాస్టారు చెప్పారు. వాడు వినిపించుకోనట్టు నిలబడ్డాడు. అప్పుడామె రెండు చేతులతో వాడి వీపు మీద తోసింది. దున్నపోతుని తోసినట్టే, ఒక్క అంగుళం కదలదు. రెండోసారి తోసేసరికి వాడే అడుగు వేశాడు. అప్పయ్య ముందు, వాడు వెనక, గోడల పక్కనుంచి వెళ్లారు. సందు మలుపు దగ్గర వాడు వెనక్కి తిరిగి చూశాడు. "సూడకు, ఎల్లు" అని ఆమె అరిచింది. అప్పయ్య మధ్యాహ్నానికి ఒంటరిగా తిరిగొచ్చి, ఎక్కాడు అన్నాడు.

సెప్టెంబరులో సైన్యం దేశం మొత్తాన్ని చేతిలోకి తీసుకుంది. ఆ తరవాత ఏడాదిన్నర ఉత్తరాల్లేవు. మాస్టారు ఒకటి రెండుసార్లు మా మెట్ల దాకా వచ్చి గొడుగు పట్టుకుని నిలబడ్డారు. బాలామణి లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. పిండి రుబ్బుకుంటూ కూర్చుంది.

తొంభైలో అమెరికా నుంచి కవరు వచ్చింది, సర్కారు వాళ్లు చింపి చూసి మళ్లీ అంటించి ఉంది. చదవగలిగినవాడు ఆ సందులో అప్పటికీ ఆయనొక్కడే. ఆమె రెండు రోజులు దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టుకుని చూసింది. మూడో రోజు మాస్టారింటికి వెళ్లి, గుమ్మం బయట ఎండలోనే నిలబడి కవరు చాపింది.

"సదవండి" అంది. అంతే. బాగున్నారా అని కూడా అనలేదు.

మాస్టారు చదివారు. తనను ఏ జట్టూ పిలవలేదట. మెడ నొప్పికి పొద్దున్న లేవలేకపోతున్నాడట. బడిపిల్లలకు వంగి బంతి విసరడం నేర్పుతున్నాడట. రెండుసార్లు వీసా అడిగితే ఇవ్వలేదట, మళ్లీ అడుగుతాడట. మాస్టారు నొప్పి మాట కూడా దాటేయకుండా చదివారు.

బాలామణి కవరు తిరిగి తీసుకోలేదు.

"మళ్లీ సదవండి" అంది. రెండోసారీ అవే మాటలు వస్తున్నాయో లేదో పట్టి చూస్తూ, ఆయన ముగించేదాకా వీధిలోనే నిలబడింది.

వెంకాయమ్మ, వయసు డెబ్బై రెండు. ఇప్పుడు తామ్వేలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను.